కోసి మూగది కాదు

మా మేనకోడలి కొడుక్కి బస్తర్‌లో బడి పంతులు ఉద్యోగం వచ్చింది. ఆర్డరు చేతికందిన రోజే నాకు ఫోన్ చేశాడు.

"తాతా, అక్కడ పిల్లలికి హిందీ రాదంట గదా. గోండీలో బడి మాటలు ఓ పేజీకి రాసి పంపీ. కూకో, నిలబడు, పుస్తకం తియ్యి, నోరుముయ్యి, ఇలాటివి. బట్టీ పట్టెత్తాను" అన్నాడు.

మొదటి మూడు మాటల దాకా ఓపిగ్గానే విన్నాను. నాలుగో దాని దగ్గర ఒళ్లు మండిపోయింది. ఫోన్లోనే కడిగేశాను. వాడు బిక్కచచ్చిపోయి "తప్పయిపోనాది తాతా" అని పెట్టేశాడు. ఆలోచిస్తే పాపం వాడి తప్పేమీ లేదు. వాడికి ట్రైనింగ్ ఇచ్చినవాళ్లు బడి మాటలంటే అవేనని నేర్పారు. నాకూ అదే నేర్పారు. నా కోపం వాడి మీద కాదు. ఎవరి మీదో, ఎందుకో వాడికీ, వాడిలా కొత్తగా చేరేవాళ్లకీ తెలియాలనే ఇది రాస్తున్నాను.

నాకెప్పుడు ప్రమోషన్ వచ్చింది, ఏ స్కేలులో రిటైరయ్యాను అన్నవి ఇందులో ఉండవు. ఊరి పేరు, ఆఫీసర్ల పేర్లు కూడా రాయను. ఆఫీసర్ల పరువు మీద నాకు బెంగ లేదు గానీ, ఆ ఊరివాళ్లకి కొత్త తలనొప్పి తేవడం ఇష్టం లేదు.

కుర్చీ

మాది విజయనగరం వైపు. నాన్న కిరందుల్ లైనులో రైల్వే గ్యాంగ్‌మేన్. నేను పుట్టిందీ పెరిగిందీ ఆ క్వార్టర్లలోనే. ఇంట్లో తెలుగు, బళ్లో హిందీ, సంతలో హల్బీ. గోండీ చెవిన పడేది గానీ నోట పడేది కాదు. ఇనుపరాయి నింపుకున్న గూడ్సు బళ్లు రాత్రీ పగలూ విశాఖపట్నం వైపు దిగిపోతూ ఉండేవి. కొండలు తవ్వడం మొదలయ్యాక ఎక్కడెక్కడి వాళ్లకో పని దొరికింది. మాకూ దొరికింది. ఆ కొండల కిందే పుట్టినవాళ్లకి మాత్రం ఎర్రనీళ్ల వాగు దక్కింది.

పంతులుగా నన్ను వేసిన బడి అలాంటి ఒక కొండ కింద ఉంది. ఒక్క గది, ఒక బల్ల, ఒక కుర్చీ. నాకంటే ముందున్న పంతులు తాళంచెవి ఇస్తూ "ఇక్కడి పిల్లలు మొద్దులండీ. సుద్దముక్కలు అనవసరంగా అరగదియ్యకండి" అని సలహా ఇచ్చి బస్సెక్కాడు.

నెల తిరిగేసరికి ఆయన మాటే నిజమేమో అనిపించింది. రోజూ కుర్చీ పక్కన నిలబడి హిందీ పుస్తకంలో పోస్ట్‌మ్యాన్ పాఠం చదివేవాణ్ని. పోస్ట్‌మ్యాన్ ఆ ఊరికి ఎప్పుడూ రాలేదు. పిల్లలు నన్ను చూసేవాళ్లు. పేరడిగితే చెప్పరు. పలక చూపించి ఇదేమిటంటే పలకరు. అలాగని భయపడుతున్నట్టూ ఉండరు. ఎవరి కోసమో ఎదురుచూస్తున్నవాళ్లలా నెమ్మదిగా కూర్చుంటారు.

ఒకరోజు పాఠం మధ్యలో నాకు మలేరియా చలి వచ్చింది. కాళ్లు నిలవక గోడకి ఆనుకుని నేల మీద కూలబడ్డాను. "ఏర్" అన్నాను. గోండీలో నీళ్లని అర్థం. అప్పటికి నాకు గట్టిగా వచ్చిన మాట అదొక్కటే. వెనక వరసలో ఒక పిల్ల లేచి బయటికెళ్లి తుంబాతో నీళ్లు తెచ్చింది. తుంబా అంటే ఎండిన సొరబుర్ర. వాగు నీళ్లు పనికిరావు గనక కొండ చరియలో ఊట దగ్గర పట్టుకొచ్చి బడి చూరుకి వేలాడదీసేవాళ్లు. నేను తాగేదాకా ఆగి ఆ పిల్ల నా ఎదురుగా గొంతుక్కూర్చుంది. కూర్చుని మాటలు మొదలుపెట్టింది. అదే కోసి. ఏ ఊరి నుంచి వచ్చావు, మీ అమ్మ బాగుందా, మీ వైపు వానలు పడ్డాయా అని అడిగిందని సగం సైగల మీద అర్థం చేసుకున్నాను. నేను వచ్చీరాని మాటల్లో చెబుతుంటే మిగతా పిల్లలంతా జరిగి జరిగి దగ్గరికొచ్చారు. ఇక గది మోగిపోయింది. మొద్దులన్న పిల్లలు ఒకరి మీద ఒకరు పడి మాట్లాడుతున్నారు.

తర్వాత తెలుసుకున్నాను. ఆ ఊళ్లో బయటి మనిషి వచ్చాడంటే ముందు కూర్చోవాలి. నీళ్లు తాగాలి. ఎక్కడివాడో, ఇంట్లోవాళ్లు ఎలా ఉన్నారో చెప్పుకోవాలి. అప్పటిగ్గానీ అతను వచ్చినట్టు లెక్క కాదు. నిలబడి ఉన్నవాడు ఇంకా దారిలో ఉన్నవాడే. దారిన పోయేవాణ్ని ఆపి కబుర్లు చెప్పడం పెద్దవాళ్లకే మర్యాద కాదు, పిల్లలకి అసలే కాదు. అంటే నేను నెలరోజులు పాఠం చెప్పానే గానీ వాళ్ల లెక్కలో ఆ ఊరు రానేలేదు.

ఆ మర్నాడు కుర్చీని బడి వెనక వంటపాకలోకి పంపించాను. దాని మీద గిన్నెలు బోర్లించుకునేవాళ్లు. ఈ సంగతి మా బ్లాక్ ఆఫీసరుకి ఉత్సాహంగా చెబితే పడీపడీ నవ్వాడు.

"మాస్టర్‌జీ, మీరు వాళ్లని మార్చడానికి వెళ్లారా, వాళ్లు మిమ్మల్ని మార్చడానికా?" అన్నాడు. మేం ఆయన్ని సాహెబ్ అనేవాళ్లం. ఈ సాహెబ్ మళ్లీ వస్తాడు, గుర్తుపెట్టుకోండి.

వాళ్ల మాటలు

అక్కణ్నుంచి నేను గోండీలో బడి మాటలు నేర్చుకున్నాను. పుస్తకంలోంచి కాదు. పొద్దున నేల మీద కూర్చోవడం, నీళ్లు తాగడం, కబుర్లు అయ్యాక బడి సామాను ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని దీన్నేమందాం అని అడగడం. "ఉద్ద" అంటే కూర్చో. ఇది నేను పిల్లలకి చెప్పింది కాదు, పిల్లలు నాకు చెప్పింది. నల్లబల్ల వాళ్లకి నల్లగోడ అయింది. సుద్దముక్క తెల్లరాయి. పరీక్షంటే సాహెబ్ అడిగే రోజు. పరీక్ష తప్పడానికి మాట లేక ఇద్దరు ముగ్గురు వాదులాడుకుని "మళ్లీ అక్కడే కూర్చోవడం" అని తేల్చారు. వాళ్ల మొహాల్లో దాని గురించి సిగ్గేమీ లేదు. అక్కడే కూర్చుంటే ఏం పోయిందని కోసి అడిగింది.

నేర్చుకోవడానికి మాత్రం వాళ్ల దగ్గర సొంత మాట ఉంది. విల్లు పట్టడానికీ, కల్లు గీసే సల్ఫీ చెట్టు ఎక్కడానికీ వాడే మాటే చదువుకీ వాడారు. ఇక బడికి ఏ మాట వాడదామంటే అందరూ ఒక్కసారిగా "ఇస్కూల్" అన్నారు. అది వాళ్ల అమ్మానాన్నల రోజుల నుంచీ ఇస్కూలే.

వానాకాలం వెళ్లేసరికి కోసి హిందీ అక్షరాలు కూడబలుక్కుని చదివేది. చదివిన ప్రతి మాటనీ గోండీలోకి తిప్పి వెనకవాళ్లకి అరిచి చెప్పేది. ఆ పిల్ల నోటికి తాళం వెయ్యడం నా వల్ల అయ్యేది కాదు. లెక్క చేస్తూ మాట్లాడేది, అన్నం తింటూ మాట్లాడేది. వాళ్ల నాన్న జోగా ఇప్పపువ్వు ఏరుకుని వెళుతూ బడి దగ్గర ఆగి, "మా పిల్ల నిద్దట్లో కూడా బడి చెప్తోంది గురూజీ, మమ్మల్ని పడుకోనివ్వట్లేదు" అని నవ్వేవాడు.

నా ఉద్యోగంలో మంచి రోజులేవంటే ఇవే.

శుద్ధ గోండీ

నేను పిల్లల మాటల్లో పాఠం చెబుతున్నానని పైదాకా తెలిసి జగదల్‌పూర్‌లో ఒక వర్క్‌షాపుకి పిలిచారు. గోండీలో బడి పదాల పుస్తకం తయారుచేస్తారట. నేను పొంగిపోయాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాను.

హాల్లో మైకు, పూలదండలు, సమోసాలు అన్నీ ఉన్నాయి. గోండీ మాట్లాడేవాళ్లు మాత్రం వెతికితే ఒకరిద్దరు. వాళ్లని చివరి వరసలో కూర్చోబెట్టారు. రాజధాని నుంచి వచ్చిన పెద్దాయన ఒకడు బోర్డు మీద మాటలు రాస్తూ పోయాడు. బడికి "విద్యాలోన్" అని రాశాడు. గోండీలో లోన్ అంటే ఇల్లు. దానికి ముందు సంస్కృతం ముక్క అతికించి కొత్త గోండీ పుట్టించాడన్న మాట.

నేను లేచాను. "సార్, పిల్లలు ఇస్కూల్ అంటారండీ" అన్నాను.

"అది శుద్ధ గోండీ కాదు."

"వాళ్లు బస్సుని బస్సంటారు, టేషన్ని టేషనంటారు. మీరూ నేనూ అలాగే అంటాం. మనకి లేని శుద్ధం వాళ్లకెందుకండీ?"

పక్కనున్న మా సాహెబ్ నా చొక్కా కొస పట్టుకుని కిందికి లాగాడు. పెద్దాయన చిరునవ్వుతో, "మాస్టర్‌జీ, భాషని పైకి తీసుకురావాలంటే కొంచెం కష్టం తప్పదు" అన్నాడు. సాయంత్రానికి పుస్తకం పూర్తయింది. నల్లగోడ పోయింది, తెల్లరాయి పోయింది. మా పిల్లలు కట్టిన మాట ఒక్కటీ మిగల్లేదు. అట్ట మీద విల్లు పట్టుకున్న పిల్లాడి బొమ్మ వేశారు. అది బాగానే ఉంది.

కొత్తగా చేరేవాళ్లకి ఒక మాట చెబుతాను. ఎవరి భాషనైనా తిట్టేవాడితో పెద్ద ప్రమాదం లేదు, వాడి సంగతి మనకి తెలుసు. ఆ భాషని ఉద్ధరిస్తానని బయల్దేరి, మాట్లాడేవాళ్లని వెనక వరసలో కూర్చోబెట్టేవాడున్నాడే, వాడితో జాగ్రత్తగా ఉండండి. వాడి చేతిలో పుస్తకం ఉంటుంది.

తనిఖీ

ఆ పుస్తకం పట్టుకునే సాహెబ్ మా బడికి తనిఖీకి వచ్చాడు. చిన్న బడుల్ని మూసి రోడ్డు మీది పెద్ద బడుల్లో కలిపేస్తున్న రోజులవి. వచ్చే ముందు రోజే ఆయనకి ఫోన్లో బతిమాలి చెప్పాను. "సార్, లోపలికొచ్చి కూర్చోండి. పిల్లలు ఇచ్చిన నీళ్లు ఒక్క గుక్క తాగండి. ఆ తర్వాత ఏమడిగినా చెప్తారు. నాదీ పూచీ."

ఆయన గుమ్మంలో నిలబడ్డాడు. బూట్లు విప్పలేదు. కోసి తుంబా పట్టుకుని ఎదురెళ్లింది. ఆయన చేత్తో పక్కకి తోసి జీపులోంచి సీసా నీళ్లు తెప్పించుకుని నిలబడే తాగాడు. తర్వాత పుస్తకం తెరిచాడు.

"విద్యాలోన్ అంటే ఏమిటి?"

పిల్లలు ఆయన్ని చూశారు. చూస్తూ ఊరుకున్నారు.

"సార్, కూర్చోండి సార్" అన్నాను.

"నేను కూర్చోడానికి రాలేదు, మాస్టర్‌జీ."

ఒక్కొక్కరినీ లేపి అడిగాడు. కోసిని రెండుసార్లు అడిగాడు. అది పెదవి విప్పలేదు. తుంబాని రెండు చేతులా పట్టుకుని, ఆయన ఎప్పుడు కూర్చుంటాడా అని చూస్తోంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆయన జీపు బానెట్ మీద పెట్టుకుని రిపోర్టు రాశాడు. ఈ పిల్లలకి హిందీ రాదు, మాతృభాష కూడా రాదు, ఇక్కడ బడి నడపడం దండగ. మాతృభాష కూడా రాదట! ఆ మాట రాసిన మనిషి ఆ భాషలో నీళ్లడగలేడు. క్షమించే గుణం నాకు లేదు, పెంచుకునే ఉద్దేశమూ లేదు.

నెలలోపే తాళం పడింది. నన్ను బ్లాక్ ఆఫీసుకి లాగి కాగితాల పనిలో పెట్టారు. పిల్లల్ని రోడ్డు మీది హాస్టల్ బడికి పొమ్మన్నారు. చాలామంది వెళ్లలేదు. జోగా మాత్రం కూతుర్ని చదివించాలనే పట్టుదలతో తీసుకెళ్లి దింపాడు.

శిబిరం

కొన్నాళ్లకి జోగా ఆఫీసు గేటు దగ్గర నా కోసం కాచుకుని ఉన్నాడు. కూర్చోబెట్టి టీ తెప్పించాను. గ్లాసు పట్టుకున్నాడు గానీ తాగలేదు. గోండీలో చెప్పాడు.

"మా కోసి మూగదట. కాగితం రాయిస్తారట. జగదల్‌పూర్‌లో మూగపిల్లల బడికి పంపేస్తారట. రేపే డాక్టరు చూస్తాడని వేలిముద్ర వెయ్యమన్నారు. వెయ్యకుండా వచ్చేశాను."

మర్నాడు సెలవు చీటీ కూడా ఇవ్వకుండా అతన్ని బండెక్కించుకుని వెళ్లాను. వికలాంగుల సర్టిఫికెట్ల శిబిరం పెద్ద షామియానా కింద పెట్టారు. హాస్టల్ సూపరింటెండెంటమ్మ పిల్లల్ని వరసలో నిలబెట్టింది. కోసి సగానికి సగం అయిపోయింది. నన్ను చూసి కళ్లు పెద్దవి చేసింది గానీ నోరు విప్పలేదు. హాస్టల్లో గోండీ మాట్లాడితే గోడకి నిలబెడతారని తర్వాత తెలిసింది. హిందీలో దాన్ని అడిగినవాళ్లంతా నిలబడే అడిగారు. దాంతో అది మాట్లాడటమే మానేసింది.

డాక్టరు కోంటా వైపు మనిషి, నడివయసు. నా పేరు వినగానే తెలుగులోకి దిగాడు.

"ఏంది మాస్టారూ, ఈ పిల్లకు చెవులు మంచిగనే వినబడుతున్నయి. నాలుక బాగుంది, గొంతు బాగుంది. మరి ఇంతసేపటి నుంచి అడుగుతుంటే పలకదేంది?"

"మీరు నిలబడున్నారు డాక్టరుగారూ. కూకోండి, మాటాడతాది."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. వరసలో ఇంకా బోలెడు మంది ఉన్నారు, ఎండ మాడ్చేస్తోంది, కసిరినా కసరొచ్చు. కసరలేదు. "మా అమ్మమ్మ వాళ్ల ఊర్లో కూడ గిట్లనే ఉండె" అంటూ ప్యాంటు పైకి లాక్కుని జంపఖానా మీద మఠం వేసుకున్నాడు. జోగా భుజాన ఉన్న తుంబా అందించాడు. డాక్టరు తాగి మూతి తుడుచుకున్నాడు.

కోసి ఆయన ఎదురుగా గొంతుక్కూర్చుంది. ఏ ఊరన్నది. దోర్నపాల్ పక్కన అని ఆయన చెప్పాడు. అమ్మ బాగుందా అంది. చచ్చిపోయిందన్నాడు. కోసి తుంబాని మళ్లీ ఆయన వైపు జరిపింది. తర్వాత మొదలెట్టింది. హాస్టల్లో రాత్రంతా లైట్లు వేసే ఉంచుతారని, చిన్న పిల్లొకతె పక్క తడిపితే పొద్దున ఎండలో నిలబెట్టారని, తను చదివిన పాఠాన్ని ఆ చిన్నపిల్లకి గోండీలో చెప్పబోతే మూతి మీద కొట్టారని, వాగు నీళ్లు ఇక్కడ కూడా ఎర్రగానే ఉన్నాయని. ఆగకుండా చెప్పింది. డాక్టరుకి సగం అర్థమైంది, మిగతా సగం నేను చెప్పాను. జోగా తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

మూగదని రాయాల్సిన ఆ కాగితాన్ని డాక్టరు నాలుగు ముక్కలు చేశాడు. "మేడమ్, ఈ పిల్లకి ఏ లోపమూ లేదు. మాట్లాడుతోంది" అని సూపరింటెండెంటుకి హిందీలో చెప్పాడు.

ఆమె అంతా చూస్తూనే ఉంది. మొహంలో ఏ మార్పూ లేదు. "అది మాట్లాడటం కిందకి రాదు సార్. నా హాస్టల్లో ఉంటే హిందీ మాట్లాడాలి, లేకపోతే నోరు మూసుకుని ఉండాలి. ఈ వాగుడు వాగేట్టయితే ఇంటికి తీసుకుపొమ్మనండి" అంది.

నేను గొంతెత్తాను. నలుగురూ పోగయ్యేంతగా ఎత్తాను. మూగదని రాయించడానికి సిద్ధపడ్డ నోటితో ఇప్పుడు నోరెక్కువంటున్నారా అని అడిగాను. ఆమె నా మీద ఫిర్యాదు రాసింది, దానికి నాకు నోటీసు కూడా వచ్చింది. అదెలా తేలిందన్నది ఇక్కడ అనవసరం. డాక్టరు లేచి, దుమ్ము దులుపుకుని, నా భుజం మీద చెయ్యి వేశాడు. "నా చేతిలో ఉన్నది ఇంతే మాస్టారూ" అన్నాడు. ఆయన చేతిలో ఉన్నది ఆయన చేశాడు. నా సర్వీసులో అంతమాత్రం చేసినవాళ్లు కూడా తక్కువే.

జోగా కూతురి పెట్టె తెచ్చుకున్నాడు. ముగ్గురం నా బండి మీదే ఊరికి బయల్దేరాం. దారంతా కోసి మాట్లాడుతూనే ఉంది. చెట్ల గురించి, ఊటలో నీళ్ల గురించి, ఇంట్లో పందిపిల్ల ఎంత పెద్దదయి ఉంటుందో దాని గురించి. నాకు గెలిచొచ్చినట్టుగా ఉంది. ఈల కూడా వేసినట్టు గుర్తు.

ఊరి మొగలో మా పాత బడి. తలుపుకి తాళం అలాగే ఉంది. కిటికీలోంచి చూస్తే లోపల ఏదో రోడ్డు పనికి తెచ్చిన సిమెంటు బస్తాలు కప్పు దాకా పేర్చి ఉన్నాయి. కోసి బండి దిగి కిటికీ చువ్వలు పట్టుకుని లోపలికి చూసింది. చాలాసేపు చూసింది. మాటలు ఆగిపోయాయి.

జోగా పెట్టె నేల మీద పెట్టి నా వైపు తిరిగాడు. అతని గొంతులో కోపం లేదు. అదే నేను ఈ రోజుకీ భరించలేకపోతున్నాను.

"నా పిల్లకి నోరుందని వాళ్లందరి ముందూ చూపించావు గురూజీ. ఇప్పుడు దీన్ని ఏ బడికి పంపమంటావు?"